కాఫీ తోటకి కాగితం ఎలా వచ్చింది

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాస్తాం. ఈసారి మా గ్రామ సమాఖ్య తరఫున ఒక చరిత్ర రాయమన్నారు. దేని గురించి రాయాలా అని మీటింగులో అనుకుంటుంటే, కొత్తగా సంఘంలో చేరిన కోడళ్ళు ఒక ప్రశ్న వేశారు. "ఆర్గానిక్ కాగితం అంటారు, ఏటేటా సంతకాలు పెట్టమంటారు, ఇంట్లోకొచ్చి సంచులు ఎత్తి చూస్తారు. అసలు దీన్ని ఎవరు పెట్టారు? మనకేటి లాభం?" ఆ ప్రశ్నకి మాలో ఎవరికీ వెంటనే సరైన జవాబు రాలేదు. అందుకని అదే రాస్తున్నాం.

ముందు కాఫీ సంగతి. కాఫీ మన కొండల్లో పుట్టిన మొక్క కాదు. 1898లో బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి తూర్పు గోదావరి ఏజెన్సీలో పాములేరు లోయలో వేయించాడని చెబుతారు. అక్కడి నుంచి పుల్లంగి, గూడెం దాకా వచ్చింది. 1920ల నాటికి అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. 1960 తర్వాత అటవీ శాఖ రిజర్వు అడవిలో పెద్ద చెట్ల నీడన వేల ఎకరాల్లో వేసింది. 1985లో ఆ తోటలు అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్ళాయి. మా అమ్మలూ అమ్మమ్మలూ ఆ తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళే. పండు కోయడం, గొప్పు తవ్వడం వాళ్ళకి అక్కడే అలవాటయింది. సొంత కాఫీ అనేది మన ఇళ్ళకి తర్వాత వచ్చింది. గిరిజన సహకార సంస్థ, ఆ తర్వాత పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు వాళ్ళు మొక్కలిచ్చి, పోడు కొట్టుకునే కొండ మీద సిల్వర్ ఓక్ నాటించి, ఆ నీడలో కాఫీ పెట్టించారు. ఓక్ చెట్టుకి మిరియం పాదు ఎక్కించారు. ఆర్.వి.నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది, మనలో చాలామంది అక్కడికి శిక్షణకి వెళ్ళివచ్చారు.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మన తోటల్లో మొదటి నుంచీ మందు కొట్టలేదు, యూరియా వేయలేదు. అది మన గొప్పతనం కాదు. చేతిలో డబ్బు లేక, బస్తా నెత్తిన పెట్టుకుని కొండెక్కలేక వేయలేదు. అప్పుడు దానికి పేరేమీ లేదు. సంతలో వ్యాపారి ఎండిన కాయని అదే ధరకి కొనుక్కుని పోయేవాడు. మందు వేయలేదని ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చింది లేదు. ఇవ్వడానికి అతనికి కారణం కూడా లేదు, ఎందుకంటే మన మాట తప్ప రుజువు లేదు.

ఆ రుజువు కాగితం మొదట ఎక్కడ పుట్టిందంటే మెక్సికో దేశంలో. అక్కడ చియాపాస్ అనే కొండ రాష్ట్రంలో ఫింకా ఇర్లాండా అనే పెద్ద ఎస్టేటు ఉంది. 1967లో ఆ ఎస్టేటు కాఫీకి డిమీటర్ వాళ్ళ సేంద్రియ ధ్రువపత్రం వచ్చింది. కాఫీకి అలాంటి కాగితం రావడం అదే మొదలంటారు. ఎస్టేటు అంటే ఒకే యజమాని, ఒకే కంచె, ఒకే లెక్కల పుస్తకం. తనిఖీ చేసేవాడు ఒక్కసారి వచ్చి చూసి, రాసుకుని వెళ్ళొచ్చు. మనలాగ ఎకరం, అరెకరం తోటలు వందల మందికి ఉంటే? ఒక్కొక్క తోటకి బయటి దేశం మనిషిని రప్పిస్తే, ఆ ఖర్చుకి తోట అమ్ముకున్నా చాలదు. కాబట్టి మొదట్లో ఈ కాగితం పెద్దవాళ్ళ సొత్తే.

దాన్ని చిన్నవాళ్ళు అందుకున్న కథ మనం తెలుసుకోవాల్సింది. అదే మెక్సికోలో ఒహాకా అనే రాష్ట్రం ఉంది. అక్కడి కొండల్లో జపోటెక్, మిహే అనే ఆదివాసీలు కాఫీ పండిస్తారు. వాళ్ళ కాఫీని దళారులు వచ్చి కొనేవాళ్ళు. ఆ దళారులకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'కొయోటే'. అది అక్కడ తిరిగే నక్కలాంటి జంతువు పేరు. తూకంలో మోసం, ముందు అప్పు ఇచ్చి పంట కట్టేసుకోవడం, అన్నీ మన సంతల్లో పాత రోజుల్లో చూసినవే. 1983లో వాళ్ళంతా కలిసి యూసిరి అనే సంఘం పెట్టుకున్నారు. ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్ అనే డచ్చి క్యాథలిక్ ఫాదరు ఆ ఊళ్ళలోనే ఉండి వాళ్ళతో పని చేశాడు. దళారిని తప్పించి తామే నేరుగా విదేశానికి అమ్ముకోవాలని వాళ్ళ పట్టుదల. సేంద్రియం అని కాగితం ఉంటే ధర వస్తుంది, కానీ ఇంటింటికీ తనిఖీ చేయించే డబ్బు లేదు.

అప్పుడు వాళ్ళలాంటి సంఘాల్లో ఒక పద్ధతి తయారయింది. సంఘమే తన సభ్యుల తోటలన్నీ ఏడాదికోసారి చూస్తుంది. ఎవరి తోటలో ఏముంది, ఏం వేశారు, ఎంత పండింది, ఎంత అమ్మారు అని పుస్తకం రాస్తుంది. బయటి తనిఖీ మనిషి ఆ పుస్తకాల్ని చూస్తాడు, కొన్ని తోటలకి మాత్రం వెళ్ళి పుస్తకంలో ఉన్నది నిజమో కాదో సరిచూస్తాడు. దీన్నే ఇప్పుడు అంతర్గత నియంత్రణ వ్యవస్థ అంటున్నారు, మన భాషలో ఐసీఎస్. తప్పు చేసినవాళ్ళని సంఘమే పట్టుకోవాలి. సంఘం పట్టుకోకుండా బయటివాడు పట్టుకుంటే అందరి కాగితం పోతుంది.

ఇది చదివిన ప్రతి సభ్యురాలికీ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. మన పంచసూత్రాలు ఏమిటి? క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాలు రాయడం. బ్యాంకు మేనేజరు పది మంది ఇళ్ళకి రాడు, మన పుస్తకం చూసి లింకేజీ ఇస్తాడు. ఒకరు కట్టకపోతే పది మందికీ గ్రేడు తగ్గుతుంది. అదే సూత్రం, అక్కడ కాఫీ, ఇక్కడ పొదుపు. ఒకరి సంగతి ఒకరికి తెలియని ఊళ్ళు, ఒకరినొకరు చూడని మనుషులు ఈ పద్ధతి నడపలేరు.

ఒహాకా వాళ్ళ కాఫీనే 1988 నవంబరులో నెదర్లాండ్స్ దేశంలో 'మాక్స్ హావెలార్' అనే గుర్తుతో దుకాణాల్లో పెట్టారు. జావా దీవిలో డచ్చివాళ్ళ పాలన కింద రైతులు పడ్డ బాధల గురించి 1860లో వచ్చిన నవల పేరు అది. న్యాయమైన వ్యాపారం, అంటే ఫెయిర్‌ట్రేడ్ గుర్తుల్లో అది మొదటిది. సేంద్రియ గుర్తు తోటలో ఏం చేశారో చెబుతుంది. ఈ గుర్తు కొన్నవాడు ఎంత ఇచ్చాడో చెబుతుంది. యూసిరి వాళ్ళు కాఫీ ఆదాయంతో తమ ఊళ్ళకి బస్సు వేసుకున్నారు. కొండ ఊళ్ళో బస్సు అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడాదే, 1989 జూలైలో, కాఫీ పండించే దేశాలూ కొనే దేశాలూ కలిసి ఎవరు ఎంత అమ్మాలో పెట్టుకున్న కోటాలు కూలిపోయాయి. ధర పడిపోయింది. 2001 వచ్చేసరికి పౌను, అంటే సుమారు 454 గ్రాముల కాఫీ, 50 సెంట్ల కంటే దిగువకి జారింది. మన దేశంలో అంతకు ముందు కాఫీ అంతా కాఫీ బోర్డు పూల్‌కే ఇవ్వాలి. 1990లలో ఆ నియమం దశలవారీగా తీసేశారు, ఎవరికి కావాలంటే వాళ్ళకి అమ్ముకోవచ్చన్నారు. అమ్ముకునే స్వేచ్ఛ వచ్చింది, దాంతో పాటే ప్రపంచ ధర పడితే ఆ దెబ్బ కూడా నేరుగా మన గడపకే వచ్చింది. అలాంటి రోజుల్లోనే ఈ గుర్తులకి గిరాకీ పెరిగింది. రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ వాళ్ళ కప్ప బొమ్మ, ఉట్జ్ అనే ఇంకొకటి, ఇవి రెండూ 2018లో కలిసిపోయాయి. పెద్ద కాఫీ కంపెనీలు కొన్ని సొంత గుర్తులు కూడా పెట్టుకున్నాయి. గుర్తు ఎక్కువైన కొద్దీ రైతు నింపే ఫారాలు ఎక్కువయ్యాయి గాని, ధర అంతే పెరిగిందని మాత్రం మేము అనలేం.

మన దేశంలో 2001 నుంచి సేంద్రియ ఉత్పత్తుల జాతీయ కార్యక్రమం నడుస్తోంది. ఇండియా ఆర్గానిక్ అనే ముద్ర దానిదే. ఎగుమతి చూసే అపెడా సంస్థ కింద అది పని చేస్తుంది. కాఫీలాంటి ఏళ్ళ తరబడి ఉండే పంటకి మూడేళ్ళు మార్పిడి కాలం. ఈ మూడేళ్ళూ నియమాలన్నీ పాటించాలి, కానీ సేంద్రియం అని అమ్మడానికి లేదు. బృందంలో ఎంతమంది ఉంటే ఆ సంఖ్య వర్గమూలం లెక్కన బయటి తనిఖీ జరిగేది. 400 మంది ఉంటే 20 మంది ఇళ్ళు. పదో తరగతిలో వర్గమూలం నేర్చుకున్నప్పుడు ఇది ఎప్పుడు పనికొస్తుందా అనుకున్నాం, ఇదిగో కాఫీ తోటలో పనికొచ్చింది.

అరకు వైపు 2007లో చిన్న, సన్నకారు గిరిజన కాఫీ రైతుల సహకార సంఘం రిజిస్టరు అయింది. నాంది ఫౌండేషన్ వాళ్ళు వెనక ఉండి నడిపించారు. అది పరస్పర సహాయ సహకార సంఘం. 1995లో వచ్చిన ఆ చట్టం కిందనే మన సమాఖ్యలు కూడా రిజిస్టరు అయ్యాయి, అంటే చట్టం లెక్కన ఆ సంఘమూ మనమూ ఒక తల్లి బిడ్డలమే. ఆ కాఫీ సేంద్రియ, ఫెయిర్‌ట్రేడ్ గుర్తులతో విదేశాలకి వెళ్ళింది. 2017లో ప్యారిస్ నగరంలో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాలామంది దీన్నీ సేంద్రియ కాగితాన్నీ ఒకటే అనుకుంటున్నారు. భౌగోళిక గుర్తింపు ఊరి పేరుని కాపాడుతుంది, ఇంకో చోట పండినదాన్ని ఆ పేరుతో అమ్మకుండా. మందు వేశారా లేదా అన్నది దానికి సంబంధం లేదు.

ఇక మా ఊరి సంగతి. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, అయినా రాయాలని తీర్మానం చేసుకున్నాం.

కొన్నేళ్ళ కిందట ఒక సంస్థ మా ఊరు వచ్చింది. పేరు రాయడం లేదు. ఆర్గానిక్ చేయిస్తాం, ఖర్చంతా మాదే అన్నారు. పట్టా జిరాక్సులు, ఆధార్, ఫొటోలు పట్టుకెళ్ళారు. వాళ్ళ మనిషి వచ్చి డైరీలు రాసేవాడు, మేము సంతకం పెట్టేవాళ్ళం, కొందరం వేలిముద్ర వేశాం. మూడేళ్ళు మార్పిడి కాలం పూర్తయింది. ఒక ఏడాది కొంచెం మంచి ధర వచ్చింది కూడా. ఆ తర్వాత వాళ్ళు ఈ ప్రాంతంలో పని మానేశారు. మేము ఇంకొక కొనుగోలుదారు దగ్గరికి వెళ్ళి మాకు కాగితం ఉంది అన్నాం. చూపించమన్నారు. అప్పుడు తెలిసింది, ధ్రువపత్రం మా పేరున లేదు, ఆ సంస్థ పేరున ఉంది. డైరీలు వాళ్ళ ఆఫీసులో ఉండిపోయాయి. మా దగ్గర ఒక్క నకలు లేదు. మేము చేసిన మూడేళ్ళు చేయనట్టే అయిపోయి మళ్ళీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాం. పొదుపు పుస్తకం ఒక్క రోజు వీవోఏ దగ్గర ఉండిపోతేనే గొడవ చేసే మేము, తోట పుస్తకం వేరేవాళ్ళకి ఎలా వదిలేశామో ఇప్పటికీ అర్థం కాదు.

రెండోసారి మేమే రాసుకున్నాం. మాలో ఇద్దరు లోపలి తనిఖీ నేర్చుకున్నారు. చిక్కు అక్కడే వచ్చింది. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది, మేమంతా అత్తా అని పిలుస్తాం. ఆవిడ తోట ఊళ్ళోకెల్లా శుభ్రంగా ఉంటుంది, పచ్చికాయ ఒక్కటి కోయదు. పల్పరులో తొక్క తీసి, కడిగి, టార్పాలిన్ మీద ఎండబెట్టి, ఆ పార్చ్‌మెంటుని తీసుకెళ్ళి వరి పొలానికి తెచ్చిన ఖాళీ యూరియా సంచిలో పోసింది. సంచి ఉతికింది కూడా. తనిఖీకి వెళ్ళింది ఆవిడ సొంత మేనకోడలు. ఆ పిల్ల సంచి చూసి ఏం చేయాలో తెలియక అక్కడే కూర్చుండిపోయింది. "పంట నాది, సంచీ నాది, కడిగింది నేను. తప్పు గుంపుది ఎలాగవుతాది?" అని అత్త అడిగింది. జవాబు ఉంది గాని ఆవిడ మొహం చూసి చెప్పడం కష్టం.

ఆ పిల్ల రాసింది. ఆ సంచులు వేరు చేసి సంతలో మామూలు ధరకి అమ్మాం. అత్త నాలుగు నెలలు మీటింగుకి రాలేదు. ఆ నష్టం అందరం తలా కొంచెం పంచుకోవాల్సింది, అప్పుడు ఆ ఆలోచన రాలేదు, అది మా తప్పు. తర్వాత సీజన్‌కి గ్రామ సమాఖ్య నిధి నుంచి అందరికీ కొత్త గోనె సంచులు కొన్నాం. ఆ ఏడాది బయటి తనిఖీ ఆయన చూసిన ఇళ్ళలో అత్త ఇల్లు కూడా వచ్చింది. పుస్తకంలో తప్పు రాసి ఉంది, ఏం చేశామో కూడా రాసి ఉంది. ఆయన చదివి, ఒక వ్యాఖ్య రాసి, ముందుకు వెళ్ళిపోయాడు. రాయకుండా దాచి ఉంటే, ఆ మూలన ఇంకా ఉన్న పాత సంచి ఆయన కంట పడి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి.

ఇంకొక సంగతి ఆ పుస్తకాలు మేమే రాసినప్పుడు బయటపడింది. రైతు పేరు అనే గడిలో దాదాపు అన్నీ మగవాళ్ళ పేర్లే. పండు కోసేది మేము, ఏరేది మేము, పల్పరు తిప్పేది, ఎండబెట్టేది, వాన మబ్బు పడితే అర్ధరాత్రి లేచి కప్పేది మేము. తనిఖీ ఆయన అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పేది కూడా మేమే. పేరు మాత్రం ఆయనది. పేరు ఉన్నవాళ్ళకే కాఫీ సంఘంలో ఓటు, పేరు ఉన్నవాళ్ళ ఖాతాకే డబ్బు. ఫెయిర్‌ట్రేడ్ గుర్తు ఉన్న సంఘాల్లో ధర కాకుండా ప్రీమియం అని వేరే వస్తుంది, దాన్ని బడికి పెట్టాలా, పల్పరుకి పెట్టాలా అన్నది సర్వసభ్య సమావేశం తేల్చాలి. పేరు లేనివాళ్ళు అక్కడ కూర్చోవచ్చు, చెయ్యెత్తడానికి లేదు.

పట్టా ఆయన పేరున ఉంది కదా అని మాకు చెప్పారు. మేము పట్టాలు తీసి చూశాం. 2006 అటవీ హక్కుల చట్టంలో నాలుగో సెక్షన్, నాలుగో ఉపవిభాగం ఏం చెబుతోందంటే, పెళ్ళయినవాళ్ళకి ఇచ్చే హక్కు భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా ఉండాలి. మాలో చాలామంది పట్టాల మీద మా పేరు, మా ఫొటో ఉన్నాయి. ఇన్నాళ్ళూ పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాం గాని చదవలేదు. ఆ కాగితం చూపించి రెండు పేర్లూ రాయమని అడిగాం. కొందరు మగవాళ్ళు అలిగారు. ఒకాయన, "రేపు తోట కూడా రాయించుకుంటారా" అన్నాడు. రాయించుకోవడం ఏమిటి, పట్టాలో ముందే ఉంది కదా అని వాళ్ళావిడే చెప్పింది.

ఇప్పటి సంగతులు కొన్ని. ఫెయిర్‌ట్రేడ్ వాళ్ళు 2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకి పౌనుకి 1 డాలరు 80 సెంట్లు కనీస ధర పెట్టారు. సేంద్రియం అయితే 40 సెంట్లు అదనం, ప్రీమియం 20 సెంట్లు. ఇది ఓడ ఎక్కే చోట ధర, మన ఇంటి ముందు ధర కాదు, మధ్యలో రవాణా, మిల్లు ఖర్చులు పోవాలి. పైగా 2025 ఫిబ్రవరిలో బజారు ధరే పౌనుకి 4 డాలర్లు దాటింది. అలాంటప్పుడు కనీస ధరతో పనేముంది? ఆ సీజన్‌లో ప్రైవేటు వ్యాపారులు రొక్కం పట్టుకుని నేరుగా తోటల్లోకి వచ్చారు. మాలో కొందరు అమ్మేశారు. ఇంట్లో ఆసుపత్రి ఖర్చు ఉన్నవాళ్ళని మేము ఏమనగలం. కానీ ఒప్పుకున్న సరుకు ఇవ్వలేక సంఘం మాట పోయింది. దానికి తోడు ఒకరు పక్క ఊరి తమ్ముడి కాఫీని మన లెక్కలో కలపబోయారు. తోటలో ఎన్ని మొక్కలున్నాయో, ఎంత దిగుబడి వస్తుందో పుస్తకంలో అంచనా ఉంటుంది, అంతకు మించి వస్తే దొరికిపోతుంది. దొరికింది కూడా.

అదే 2025లో కాయ తొలుచు పురుగు అరకు ప్రాంతంలో కనిపించింది. మన దేశంలో అది మొదట 1990లో నీలగిరిలో గూడలూరు దగ్గర వచ్చింది. మనవైపు ఇంతకాలం లేదు. పట్టిన కాయలు కోసి మరిగే నీళ్ళలో ముంచి పాతిపెట్టాల్సి వచ్చింది. సేంద్రియ తోటలో రసాయన మందు కొట్టడానికి లేదు, కాబట్టి ఒక్క కాయ కూడా చెట్టు మీదా నేల మీదా మిగలకుండా ఏరడం, ఎర బుట్టలు కట్టడం, బవేరియా అనే మేలు చేసే బూజు వాడడమే దారి. అంటే ఇంకా ఎక్కువ పని, ఆ పని మళ్ళీ ఆడవాళ్ళ చేతుల మీదే పడుతుంది. ఈ కూలి ఏ గుర్తు ధరలోనూ కనపడదు.

నియమాలు కూడా మారుతున్నాయి. 2025 జనవరిలో వచ్చిన మన జాతీయ కార్యక్రమం కొత్త నిబంధనల్లో రైతు బృందానికే చట్టబద్ధమైన హోదా ఇచ్చారు. యూరప్ వాళ్ళు ఒక బృందంలో 2,000 మందికి మించకూడదన్నారు. అడవి నరికి వేసిన తోట కాదని చూపించడానికి ప్రతి తోట ఎక్కడుందో ఫోనులో గుర్తు పెట్టి పంపాలనే యూరప్ చట్టం కూడా వచ్చింది, రెండుసార్లు వాయిదా పడింది. 4 హెక్టార్ల లోపు తోటకి ఒక్క గుర్తు చాలు. మా పిల్లలు ఆదివారం రోజు తోటలకి వెళ్ళి ఆ పని సగం చేశారు. సిగ్నలు లేని చోట మిగిలిపోయింది.

ఈ ఏడాది రిజిస్టరులో రెండు పేర్లూ ఉన్నాయి. ఒంటరి మహిళలవి వాళ్ళ పేర్లే. డైరీలన్నీ రెండు ప్రతులు రాస్తున్నాం. ఒకటి కొనుగోలు చేసేవాళ్ళకి, ఒకటి గ్రామ సమాఖ్య ఇనప బీరువాలో, పొదుపు పుస్తకాల కింది అరలో. రెండో మార్పిడి కాలంలో మాకు ఇంకా ఒక ఏడాది మిగిలి ఉంది. బీరువా తాళం ఈసారి అత్త దగ్గరే పెట్టాం.